సెంటర్‌కి కార్నర్ త్రీ: పన్నెండు వారాల ఆఫ్‌సీజన్ డైరీ

పని ఒక్కటే. బాస్కెట్‌బాల్‌లో రింగ్ కింద తప్ప ఇంకెక్కడా స్కోర్ చేయని కుడిచేతి వాటం సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు), రెండు కార్నర్లలోనూ (బేస్‌లైన్, సైడ్‌లైన్ కలిసే మూలలు) పాస్ అందుకుని నేరుగా త్రీ (మూడు పాయింట్ల గీత బయటి నుంచి వేసే షాట్) వేయగలగాలి. డ్రిబుల్ మీద వేసే త్రీ, టాప్ (రింగ్‌కి ఎదురుగా ఉండే చోటు) నుంచి వేసే త్రీ ఇందులో లేవు. ఎన్‌బీఏ (అమెరికా లీగ్) కోర్టులో రింగ్ నుంచి మూడు పాయింట్ల గీత వంపు (ఆర్క్) 7.24 మీటర్లు, కార్నర్ 6.70 మీటర్లు. ఆ 54 సెంటీమీటర్లు తగ్గుతాయనే కార్నర్‌ని ఎంచుకున్నాం.

రెగ్యులర్ సీజన్ ఏప్రిల్ మధ్యలో ముగుస్తుంది, జట్టు శిక్షణ క్యాంప్ సెప్టెంబరు చివర్లో తెరుస్తారు. జూన్ దాకా ఫైనల్స్ ఆడినవాడికి కూడా జులై మొదట్లో దిగితే పన్నెండు వారాలు దొరుకుతాయి. ముందుగా ఆపేసినవాళ్లు కనీసం నాలుగు వారాలు బంతి పక్కన పెట్టాకే మొదలుపెట్టాలి.

సెంటర్‌కి ఇది సాధ్యమా అనే సందేహానికి ఎన్‌బీఏ సెంటర్ బ్రూక్ లోపెజ్ లెక్క చాలు. మొదటి ఎనిమిది సీజన్లలో మొత్తం 31 త్రీలు వేసి 3 కొట్టాడు. 2016-17 ఒక్క సీజన్లోనే 387 వేసి 134 కొట్టాడు, అంటే 34.6 శాతం. కానీ అతనికి మిడ్‌రేంజ్ షాట్ (రింగ్‌కీ త్రీ గీతకీ మధ్య నుంచి వేసేది), మంచి ఫ్రీ త్రో అప్పటికే ఉన్నాయి. ఆ రెండూ లేనివాడు కింది మొదటి రెండు దశలు దాటేయకూడదు.

సామాను

1. 10 మీటర్ల కొలత టేపు, రెండు రంగుల మాస్కింగ్ టేప్.
2. సెకనుకు 240 ఫ్రేములు తీయగల ఫోన్, ట్రైపాడ్.
3. ఏడో నంబరు బంతులు మూడు. ఒకదానికి నడుము చుట్టూ మార్కర్‌తో మందంగా గీత గీయాలి.
4. తప్పుల పుస్తకం. నాలుగే గుర్తులు: ము (ముందు రింగ్), వె (వెనక రింగ్), ఎ (ఎడమ), కు (కుడి).
5. పాస్ ఇచ్చే మనిషి. షూటింగ్ మెషీన్ ఉన్నా మనిషి కావాలి, ఎందుకో మూడో దశలో ఉంది.

నోవా లాంటి కెమెరా వ్యవస్థ ఉన్న జిమ్ దొరికితే వాడుకోండి. అది ప్రతి షాట్‌కీ బంతి దిగిన కోణం, లోతు, పక్క తేడా చెప్తుంది. అది పెట్టుకునే లక్ష్యం 45 డిగ్రీలు, ముందు రింగ్ నుంచి 11 అంగుళాల లోతు. రింగ్ వ్యాసం 18 అంగుళాలు కాబట్టి నడిబొడ్డు 9 దగ్గర ఉంటుంది. లక్ష్యాన్ని రెండంగుళాలు వెనక్కి పెట్టడానికి కారణం ఉంది: కాస్త పొడవు పోయిన బంతి వెనక రింగ్ తాకి లోపలికి పడొచ్చు, అంతే కురచైన బంతి ముందు రింగ్ తగిలి బయటికే వస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువగా కనిపించేవి ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) కొలతల కోర్టులు. అక్కడ ఆర్క్ 6.75, కార్నర్ 6.60 మీటర్లు. ఎన్‌బీఏ దూరం కావాలంటే ఆర్క్‌ని 49 సెం.మీ., కార్నర్ గీతని 10 సెం.మీ. బయటికి టేప్‌తో గీయాలి. రింగ్ నడిబొడ్డు నుంచి నేల మీదికి తూకంగుండు వేలాడదీసి, అక్కడి నుంచి గీత బయటి అంచు దాకా కొలవాలి. బోర్డు నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది.

దశ 0: ఉన్నది కొలవడం

1. ఫ్రీ త్రో 50.
2. కుడి, ఎడమ పక్కల 4.5 మీటర్ల నుంచి చెరో 50.
3. రెండు కార్నర్ల నుంచి చెరో 25.
4. ప్రతి తప్పుకీ పక్కన గుర్తు. పడ్డవాటికి టిక్కు మాత్రమే.
5. ముందు నుంచి, పక్క నుంచి చెరో పది షాట్ల వీడియో.

మొత్తం షాట్లు: 200

ఈ 200లో ఎన్ని పడ్డాయన్న దాని మీద ఎవరూ నిర్ణయాలు తీసుకోకూడదు. నిజంగా 35 శాతం వేసేవాడు 100 షాట్ల పరీక్షలో 26 నుంచి 44 వరకు ఎంతైనా కొట్టొచ్చు, అదంతా మామూలు ఊగిసలాటే. 1000 షాట్లకి ఆ ఊగిసలాట ప్లస్ ఆర్ మైనస్ 3 శాతానికి తగ్గుతుంది. ఒక వారం శాతం పెరిగిందని దూరం పెంచడం, మరుసటి వారం పడిపోయిందని మోచేయి మార్చడం, ఆఫ్‌సీజన్లు ఎక్కువగా నాశనమయ్యేది ఇలాగే. తప్పిన బంతి ఎటు తప్పిందో మాత్రం తొందరగా, నిలకడగా మాట్లాడుతుంది. యాభై తప్పుల్లో ముప్పై ఎడమకే పోతే అది ఊగిసలాట కాదు.

పుస్తకాన్ని చదివే పద్ధతి ఇది. ఎ, కు ఎక్కువైతే లోపం చేతిలోనో, బొటనవేలిలోనో, పాదాల దిశలోనో ఉంటుంది. ము, వె ఎక్కువైతే కాళ్లు, బంతి గాలిలో తీసుకునే వంపు, దూరం చూడాలి. పక్క తప్పులు సరిచేయకుండా దూరం పెంచితే అవి దూరంతో పాటే పెరుగుతాయి. అందుకే మొదటి దశ అంతా దగ్గరి నుంచే.

దశ 1: వారాలు 1–3, రింగ్ దగ్గర

వారానికి నాలుగు రోజులు, రోజుకి 200. దూరం 1.5 నుంచి 3 మీటర్లు.

1. ఒంటిచేత్తో 50. ఎడమ చెయ్యి వీపు వెనక.
2. ఎడమ చెయ్యి బంతికి ఆనించి, వదిలే ముందు తీసేస్తూ 50.
3. రెండు చేతులతో 100. గీత గీసిన బంతి వాడాలి.
4. చివరి పది వీడియో.

గీత ఉన్న బంతి సరిగ్గా వెనక్కి తిరుగుతుంటే గీత గాలిలో నిలువు పట్టీలా నిలబడి కనిపిస్తుంది. అటూ ఇటూ ఊగిందంటే బంతిని ఇంకేదో నెడుతోందన్నమాట. పెయింట్‌లో (రింగ్ ముందు రంగు వేసిన భాగం) రెండు చేతులతో బంతి పట్టుకోవడం అలవాటైన సెంటర్లలో ఆ పని ఎక్కువగా చేసేది ఎడమ బొటనవేలే. కంటికి దొరకదు. 240 ఫ్రేముల వీడియోలో, బంతి కుడి చేతిని వదిలే చివరి నాలుగైదు ఫ్రేముల్లో వేలు ముందుకు విదిలించడం స్పష్టంగా తెలుస్తుంది.

విఫలమైంది: రెండు వారాలు పూర్తిగా ఒంటిచేతి షాట్లే వేయించడం. ఒంటిచేత్తో గీత నిటారుగా నిలిచింది, రెండో చెయ్యి కలిపిన మరుక్షణం పాత విదిలింపు తిరిగొచ్చింది. ఒంటిచేతి షాట్ వేరే షాట్, అందులో బొటనవేలికి నేర్పేది ఏమీ లేదు.

మార్పు: ఎడమ బొటనవేలిని చూపుడు వేలికి టేప్‌తో కట్టి, ఐదు ఒంటిచేతివి, ఐదు కట్టు ఉన్నవి, ఐదు కట్టు లేనివి వరసగా. కట్టు తీసినా గీత నిలిచే దాకా ఇదే వరస.

రెండో వైఫల్యం మోచేయిది. "మోచేయి లోపలికి" అని పదేపదే చెప్పడం వల్ల భుజాలు వెడల్పున్న మనిషి మొత్తం భుజాన్ని మెలిపెట్టి వేశాడు, తప్పులు కుడికి మారాయి. దాన్ని వదిలేసి పాదాలు మార్చాం. రెండు పాదాలూ రింగ్‌కి నేరుగా కాకుండా, వేళ్లు కొద్దిగా ఎడమకి, 10 నుంచి 20 డిగ్రీలు తిరిగి ఉండేలా నేల మీద టేప్ అంటించాం. కుడి భుజం దానంతటదే రింగ్ వైపు వస్తుంది. మోచేయి కాస్త బయటికున్నా ప్రతిసారీ ఒకేచోట ఉంటే చాలు.

ఇక్కడ తెలుసుకోవాల్సిన పాత ఉదాహరణ ఎన్‌బీఏ ఆటగాడు కవాయ్ లెనార్డ్. శాన్ డియెగో స్టేట్ యూనివర్సిటీలో రెండో ఏడు త్రీలలో 29.1 శాతమే. 2011 డ్రాఫ్ట్ (ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకోవడం) తర్వాత స్పర్స్ జట్టు షూటింగ్ కోచ్ చిప్ ఎంగెలాండ్‌తో పనిచేశాడు. జులై 1న లాకౌట్ (యజమానులకీ ఆటగాళ్లకీ ఒప్పందం కుదరక లీగ్ ఆగిపోవడం) మొదలవడంతో కోచ్‌తో గడిపే సమయం కొద్ది రోజులే దొరికింది. మార్చింది ప్రధానంగా బంతి వదిలే చోటు. మిగతా వేసవి అతను ఒంటరిగా సాధన చేశాడు. మొదటి సీజన్ 37.6 శాతం. ఒకే మార్పు, అదీ ఆటగాడు కోచ్ లేకుండా తనే సరిచూసుకోగలిగినది కావడం వల్లే అంత తక్కువ సమయం సరిపోయింది.

మొత్తం షాట్లు (ముందు దశతో కలిపి): 2,600

నొప్పి గురించి ఇక్కడే చెప్పాలి. చెయ్యి తిమ్మిరెక్కినా, భుజం పట్టేసినా, నిన్నటి దాకా ఉన్న షాట్ ఉన్నట్టుండి పోయినా డ్రిల్ మార్చకండి, డాక్టర్‌ని కలవండి. 2017 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికైన మార్కెల్ ఫుల్ట్స్ షాట్ చెదిరిపోయినప్పుడు చర్చంతా అతని మనసు గురించీ పద్ధతి గురించీ నడిచింది. 2018 డిసెంబరులో తేలింది థొరాసిక్ అవుట్‌లెట్ సిండ్రోమ్ అని, అంటే మెడ-భుజం మధ్య నరాలు నొక్కుకుపోవడం.

దశ 2: వారాలు 4–6, బంతి గాలిలో వంపు

వారానికి ఐదు రోజులు, రోజుకి 250. దూరం 3 నుంచి 5.5 మీటర్లు, ఒక్కో మెట్టు 50 సెం.మీ.

కోణం లెక్క ఒకసారి వేసుకుంటే తర్వాత వాదనలుండవు. బంతి వ్యాసం దాదాపు 9.4 అంగుళాలు. 45 డిగ్రీలతో దిగే బంతికి 18 అంగుళాల రింగ్ 12.7 అంగుళాల ద్వారంలా కనిపిస్తుంది. 35 డిగ్రీలకి అది 10.3. 30 డిగ్రీలకి 9, అంటే బంతి కన్నా చిన్నది, రింగ్ తగలకుండా పడే వీలే లేదు.

దిగే కోణం 45 కావాలంటే వదిలే కోణం ఎంత? కార్నర్ దూరం నుంచి, రింగ్ కన్నా 35 సెం.మీ. కింద (నేల నుంచి 2.70 మీటర్లు) బంతి వదిలే సెంటర్‌కి సుమారు 48 డిగ్రీలు. 2.40 మీటర్ల దగ్గర వదిలే గార్డ్‌కి (బంతి నడిపించే, ఎత్తు తక్కువ ఆటగాడు) 50. ఇద్దరికీ బంతి నేల నుంచి దాదాపు 4.6 మీటర్ల ఎత్తుకి వెళ్లాలి. అదే సెంటర్ 40 డిగ్రీలతో దింపితే గరిష్ఠ ఎత్తు 4.4 మీటర్ల లోపే ఆగుతుంది. గాలి నిరోధం ఇందులో కలపలేదు.

కోణమాపకం అక్కర్లేదు. కొలిచే పద్ధతి:

1. రింగ్‌కి ఎదురుగా, కార్నర్ దూరమే, అంటే 6.70 మీటర్లు. ఈ కొలత వారానికి ఒకసారి, పది షాట్లతో మాత్రమే.
2. ఫోన్ సైడ్‌లైన్ బయట, బంతి దారికి లంబంగా, వీలైనంత దూరంలో.
3. స్కేలు కోర్టులోనే ఉంది: రింగ్ 3.05 మీటర్లు, బోర్డు పై అంచు 3.95 మీటర్లు. తేడా 90 సెం.మీ.
4. బంతి అత్యున్నత ఫ్రేము ఆపి, బోర్డు పై అంచు నుంచి ఎంత పైనుందో ఆ 90తో పోల్చాలి. 65 సెం.మీ. దగ్గర ఉంటే సరి.

విఫలమైంది: "ఇంకా పైకి వెయ్" అని చెప్పడం. చెప్పగానే ఆటగాడు వెనక్కి వాలి, గడ్డం ఎత్తి వేశాడు. బంతి పైకి వెళ్లింది, పుస్తకం నిండా ము, వె రెండూ సమానంగా నిండాయి. లోతు మీద అదుపు పోయింది.

మార్పు: ఎత్తు గురించి మాట ఆపేశాం. బదులుగా, వదిలేటప్పుడు మోచేయి కంటి ఎత్తు దాటి ముగియాలి, బంతి రింగ్ చేరే దాకా చెయ్యి దించకూడదు. రెండు సూచనలే. వీడియోలో ఎత్తు వాటితోనే పెరిగింది.

ఇంకోటి, డిప్. పాస్ అందుకున్నాక బంతిని కిందికి దించకుండా అక్కడి నుంచే వేస్తే షాట్ తొందరగా పోతుందని చాలామంది సెంటర్లకి చెప్తారు. డిప్ తీసేసి చూశాం. 4 మీటర్ల దాకా ఇబ్బంది లేదు. 5 దగ్గర ముందు రింగ్ తప్పులు తప్ప ఇంకేమీ లేవు, ఎందుకంటే కాళ్ల నుంచి వచ్చే ఊపు చేతికి అందే సమయమే లేదు. డిప్ తిరిగి పెట్టాం, కానీ బొడ్డు దాకానే. మోకాళ్లు వంగడం, బంతి దిగడం ఒకేసారి ముగియాలి. డిప్‌కి పట్టే సమయాన్ని ఇంకోచోట ఆదా చేయొచ్చు: పాస్ గాలిలో ఉండగానే మోకాళ్లు వంచి ఉంచడం.

దూరం పెంచే నియమం (ఈ ఒక్క నియమం ఎవరైనా కాపీ చేసుకుంటే ఈ డైరీ రాసినందుకు ఫలితం దక్కినట్టే):

1. చివరి 50 తప్పుల్లో ఎ, కు కలిపి 15 దాటితే ఉన్నచోటే ఆగాలి.
2. ము 25 దాటితే 50 సెం.మీ. ముందుకి రావాలి.
3. రెండూ లేకపోతే 50 సెం.మీ. వెనక్కి.

ఐదో వారంలో ఈ నియమం ప్రకారం 5 మీటర్ల నుంచి 4.5కి తిరిగి రావాల్సి వచ్చింది. నాలుగు రోజులు అక్కడే. వెనక్కి రావడం ఆటగాడికి శిక్షలా అనిపించకుండా పుస్తకం తెరిచి గుర్తులు చూపించడం మంచిది. అంకెలు తనవే కాబట్టి ఒప్పుకుంటాడు.

మొత్తం షాట్లు: 6,350

దశ 3: వారాలు 7–9, కార్నర్

కార్నర్‌లో గీతకీ సైడ్‌లైన్‌కీ మధ్య ఎన్‌బీఏలో 3 అడుగులు, 91 సెం.మీ. మాత్రమే. ఫీబాలో 90. పైన చెప్పినట్టు ఫీబా కోర్టులో గీత జరిపితే 80 మిగులుతుంది. సెంటర్ బూటే 35 సెం.మీ. దాకా ఉంటుంది. పాస్ వస్తుండగా ఒక చిన్న అడుగు వెనక్కి వేసే అలవాటు ఉంటే మడమ సైడ్‌లైన్ తొక్కుతుంది, బంతి అవతలి జట్టుకి పోతుంది. గీత నుంచి బొటనవేలు 10 సెం.మీ. దూరంలో ఉండేలా టేప్. అడుగు వెనక్కి కాదు, సైడ్‌లైన్ వెంబడి పక్కకే.

కార్నర్ నుంచి బోర్డు అంచు మాత్రమే కనిపిస్తుంది, వెనక ఆధారం ఉండదు. అందుకే రెండో దశలో బాగున్న లోతు ఇక్కడ మొదటి రోజుల్లో చెదురుతుంది. దానికి మందు లేదు, ఈ చోటు నుంచే వేయాలి.

మొదటి ప్రణాళిక: ఐదు రోజులు, రోజుకి 300. ఏడో వారం అలాగే నడిచింది. వారానికి 1500 సార్లు ఎగిరి దిగడం, దానికి తోడు వెయిట్ రూమ్. వారం చివర మోకాలిచిప్ప కింద నొప్పి మొదలైంది.

మార్పు: రోజుకి 240. అందులో 60 ఎగరకుండా. ఇక్కడే లెక్కపెట్టే పద్ధతీ మార్చాం. "300 కొట్టేదాకా" అని పడ్డవాటిని లెక్కపెడితే, అలసి షాట్ చెడిన రోజే ఎక్కువ షాట్లు వేయాల్సి వస్తుంది. చెడ్డ షాట్‌కే ఎక్కువ సాధన దొరుకుతుంది. వేసినవి లెక్కపెట్టి అక్కడ ఆపేయాలి.

రెండో మార్పు పాస్‌లో. మెషీన్ ప్రతిసారీ ఒకే ఎత్తుకి, ఒకే వేగంతో, ఛాతీకి ఇస్తుంది. మ్యాచ్‌లో డ్రైవ్ చేసే గార్డ్ ఒంటిచేత్తో విసిరే పాస్ మోకాళ్ల దగ్గరికి రావచ్చు, తల పక్కకి రావచ్చు. ఎనిమిదో వారం నుంచి మనిషే పాస్ ఇచ్చాడు, పదింటిలో మూడు కావాలనే చెడ్డవి. శాతం వెంటనే పడింది. పడనివ్వాలి.

1. కుడి కార్నర్ 5, ఎడమ కార్నర్ 5, మధ్యలో పరుగు.
2. ప్రతి పది తర్వాత 2 ఫ్రీ త్రోలు. ఇవీ 240లో భాగమే.
3. ఒకే కార్నర్‌లో వరసగా ఐదుకి మించి వేయకూడదు.

మొత్తం షాట్లు: 10,250

దశ 4: వారాలు 10–12, డిఫెండర్ ఉండగా

వారానికి నాలుగు రోజులు, రోజుకి 200. మిగతా సమయం 5-ఆన్-5కి.

కొలిచేది ఇప్పుడు సమయం. బంతి చేతికి తగిలిన ఫ్రేము నుంచి వదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టి 240తో భాగించాలి. 4 మీటర్ల దూరం నుంచి సెకనుకి 5 మీటర్ల వేగంతో వచ్చే డిఫెండర్ 0.8 సెకన్లలో మీద ఉంటాడు. అది 192 ఫ్రేములు. అంతకన్నా ఎక్కువ పడితే ఆ షాట్ జిమ్‌కే పరిమితం.

విఫలమైంది: చేతి వేగం పెంచమనడం. బొటనవేలి విదిలింపు, దశ 1లో పోయిందనుకున్నది, తిరిగొచ్చింది. ఫ్రేములు విడదీసి చూస్తే సమయం పోతున్నది చేతిలో కాదు, పాదాల్లో. బంతి అందాక కుడి పాదం, ఎడమ పాదం ఒకదాని తర్వాత ఒకటి సర్దుకుంటున్నాయి.

మార్పు: పాస్ గాలిలో ఉండగా చిన్న హాప్, రెండు పాదాలూ బంతి అందే క్షణానికి నేల మీద. చేతి వేగం ముట్టుకోలేదు.

డిఫెండర్ పాత్రధారికి మూడు పనులు, ఏది చేస్తాడో ముందే చెప్పకూడదు: దూరంగా ఆగితే షాట్, చెయ్యెత్తి మీదికి ఎగిరితే ఒక డ్రిబుల్ వేసి లోపలికి, మధ్యలో నిలబడితే పక్కవాడికి పాస్. ఎన్‌బీఏ ట్రాకింగ్‌లో 4 నుంచి 6 అడుగుల దూరంలో డిఫెండర్ ఉంటే ఓపెన్, 6 దాటితే వైడ్ ఓపెన్. సెంటర్‌కి మొదటి ఏడు దొరికేవి ఎక్కువగా రెండోవే. అందుకని 200లో 120 ఆరడుగుల దూరంతోనే.

మొత్తం షాట్లు: 12,650

క్యాంప్ తెరిచాక

రోజుకి 75 చాలు: దగ్గరి నుంచి 25, కార్నర్లు 40, ఫ్రీ త్రో 10. పుస్తకం ఆగకూడదు.

మార్పు ఎప్పుడు కనిపిస్తుందన్న దానికి ఎన్‌బీఏ గార్డ్ లోంజో బాల్ అంకెలు దగ్గర పెట్టుకోవాలి. ఎడమ పక్క నుంచి వచ్చే అతని షాట్‌ని 2019లో పెలికన్స్ జట్టులో చేరాక కోచ్ ఫ్రెడ్ విన్సన్‌తో కలిసి మార్చుకున్నాడు. త్రీలు 32.9 నుంచి 37.5కి మొదటి సీజన్లోనే పెరిగాయి. ఫ్రీ త్రో 41.7 నుంచి 56.6, ఆ తర్వాతి ఏడు 78.1. అదే చెయ్యి, అదే కోచ్, ఒకటి ముందు వచ్చింది, ఇంకోటి పూర్తిగా రావడానికి రెండేళ్లు పట్టింది.

కాబట్టి మొదటి 20 మ్యాచ్‌ల శాతం చూడకండి. మ్యాచ్‌కి 4 చొప్పున వేసినా 80 షాట్లే, ఊగిసలాట ప్లస్ ఆర్ మైనస్ 10 శాతం. వీడియో చూసి రెండు లెక్కలు రాయండి: కార్నర్‌లో ఖాళీగా అందుకున్న పాస్‌లు ఎన్ని, వాటిలో వేయకుండా వదిలేసినవి ఎన్ని. రెండో అంకె వారం వారం తగ్గాలి. తగ్గకపోతే షాట్ సరిచేయడం కాదు, దశ 4లోని డిఫెండర్ డ్రిల్‌కి వారానికి రెండు రోజులు కేటాయించాలి.